చదువని యుత్తరము

భాద్రపదమాసపు ముసురు మూడునాళ్లు విడువక కురిసి యలసి యొకింత తెఱపి యొసగిన యపరాహ్ణమున తెనాలిపట్టణపు వీథులన్నియు నూతనజలకలుషితములై చూరులనుండి జాఱు బిందువుల చప్పుడు దప్ప వేఱొక సవ్వడి లేక మందముగా కునుకుచుండ, హైమవతి తన యింటి ముందుగదిలో వ్యాధిగ్రస్తమైన కంప్యూటరుకడ ప్రాణము లుగ్గబట్టుకొని కూర్చుండెను.

ఆ యంత్రమునకు వైరసు సోకుట యాడుబిడ్డ పుణ్యము. పెండ్లిఫోటోలు చూపవలెనన్న సంబరమున నామె యూరెల్ల దిరిగివచ్చిన పెన్‌డ్రైవును దెచ్చి గ్రుచ్చగా మఱునాటికి ఫోల్డరులన్నియు మాయమై వాని స్థానమున షార్టుకట్ల బాణపుగుర్తులు మాత్రము మిగిలినవి. పోయినవానిలో నొక్కదానికొఱకు దక్క హైమవతి దేనికిని విచారింపలేదు.

ఆమెయు నామె పెనిమిటి శేషశాయియు నొకే ముద్రణాలయమున బనిచేసినవారు. ఆమె యక్షరములు కూర్చునది, ఆయన తప్పులు దిద్దువాడు. పరుల రచనలయందలి కొమ్ములకును దీర్ఘములకును కత్తికట్టి కలహించు నా మహానుభావునికి సొంతభార్యయెదుట మాత్రము నోరు పెగలదు. కావున ప్రతిదినమును తాను ముందుగా పనికేగుచు చెప్పదలచిన మాటను కంప్యూటరులో నుత్తరముగా కొట్టి పోవును. ఆమె వంట ముగించి చదువుకొని తానును బయలుదేఱును. మూడేండ్లక్రింద నొక యుదయమున నట్లే వ్రాసి వెడలిన శేషశాయి గుండె యాగి ముద్రణాలయమందే యొరగిపోయెను; ఆమె వంట ముగియకమున్నే కబురు వచ్చెను. ఆనాటి యుత్తరము నామె నేటివఱకు తెఱవలేదు. చదివినచో నాయన మాటలన్నియు నయిపోవునని యామె భయము. చదువనంతకాలము మగ డింకను నొక మాట చెప్పవలసియున్నవాడే కదా! వెఱ్ఱియే కావచ్చును గాని యా వెఱ్ఱితోడనే యామె మూడేండ్లు బ్రదికెను.

కంప్యూటరులు బాగుచేయు షుకూరు నెమ్మదిగలవాడు. అతడు రెండుగంటలు శ్రమించి వైరసును తుడిచి దాగిన ఫైళ్లను వెలికిదీసెను.

“అన్నీ వచ్చాయమ్మా. బాగున్నాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాలి.”

“ఆ చివరిది తెరవకుండా చెప్పలేవా అన్నా?”

“తెరవకుండా ఎట్టా తెలుస్తుందమ్మా!”

హైమవతి కుర్చీని తెరకు దగ్గఱగా జరుపుకొనెను. తుదకు తలయూచెను.

ఫైలు తెఱచుకొనెను గాని తెరపై తెలుగునకు మాఱుగా నాంగ్లపు ముక్కలును కొక్కెములును చుక్కలును కలగాపులగమై కానవచ్చెను.

“దీన్ని వైరస్ తినేసిందమ్మా. తీసేద్దాం, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.”

అతని వ్రేలు మీటపై నుండగనే హైమవతి పరపురుషుడన్న సంకోచమైన లేక యతని చేయి పట్టి యాపెను.

“ఆగన్నా! ఇది పాడవలేదు. పాత ఫాంటు. పదేళ్లు దీంట్లోనే కొట్టాను, నాకు తెలీదా? వైరసుతోపాటు ఫాంటు పోయింది, అంతే.”

పూర్వపు ఫాంటు తొలగినచో దానితో కొట్టిన తెలుగెల్ల నిట్లు పిచ్చిగీతలగునని క్రొత్తఫాంటుల కలవడిన షుకూరెఱుగడు. ఆమె బీరువానుండి ముద్రణాలయపు సీడీని దెచ్చి యియ్యగా నతడు దానిని పరీక్షించి యా ఫాంటును మరల నెక్కించెను. చూచుచుండగనే గీతలన్నియు చక్కబడి గుండ్రని తెలుగక్షరములై నిలిచెను. షుకూరు మర్యాద తెలిసినవాడు గనుక ముఖము ద్రిప్పుకొనెను.

“హైమా, రాద్దామని కూర్చున్నాను, చెయ్యి ఆడలేదు. పదిహేడేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఇది రాసే మాట కాదు. సాయంత్రం వచ్చాక నోటితోనే చెప్తాను. నువ్వు నవ్వకూడదు.”

అంతియే. హైమవతి దానిని మరల మరల జదివెను. కన్నీరు ధారలుగా జాఱుచుండ నామె తెరవైపు వంగి, “నవ్వనండీ,” అనెను.

షుకూరు తన సామగ్రి సర్దుకొని సవ్వడి చేయక వెడలుచు వీథితలుపు దగ్గఱగా వేయబోయెను.

“వెయ్యకన్నా, ఉండనీ.”

అతడు పోయినపిమ్మట హైమవతి మొగము కడుగుకొని తలదువ్వుకొని బార్లా తెఱచిన తలుపునకెదురుగా కుర్చీ వేసికొని కూర్చుండెను. సాయంకాలమగుట కింకను రెండు గడియల ప్రొద్దుండెను.