అత్త సొంత జుట్టు

రోజూ పొద్దున్నే అత్త కత్తెరతో మేడగదిలోకి వచ్చేది. పిల్ల వీపు తిప్పి కూర్చునేది. మెడ దగ్గర కరకరా కోసేస్తే, సాయంత్రానికి జుట్టు మళ్లీ మోకాళ్లకు దిగేది. అత్త దాన్ని చిక్కుతీసి, సవరాలు అల్లి, కింద కొట్లో అమ్మేది. ఊళ్లో పలచటి జడలవాళ్లందరికీ అవే దిక్కు. పిల్ల ఎందుకు కిందికి రాదని ఎవరూ అడగలేదు. జడలు ఒత్తుగానే ఉన్నాయి కదా.

"ఒక్కసారి వీధిలోకి వెళ్లొస్తానత్తా."

"దుమ్ము తగిలితే జుట్టు చిట్లుతుందే పిచ్చిదానా" అని అత్త తలుపుకి బయట తాళం వేసి, చెవి బొడ్లో దోపుకునేది.

పిల్లకు ఉన్న లోకమంతా ఒక కిటికీ. ఇప్పుడు దానికీ చెక్కలు కొట్టిస్తానంది అత్త. వడ్రంగి కొలతలు తీసుకెళ్లాడు. ఆ సాయంత్రం పిల్ల కుళ్లికుళ్లి ఏడ్చింది.

మర్నాడు కొట్టు ముందు కుట్టుమిషను ఆవిడ గొంతు వినిపించింది.

"ఏమ్మా, నీ సవరం నిన్నట్నుంచీ తడితడిగా ఉంది. రవికంతా నానిపోయింది. పిల్ల గానీ ఏడ్చిందా?"

"ఎండలో ఆరేసుకో, అదే పోతుంది."

"నీకేం తల్లీ, బారెడు సొంత జుట్టు! మా బాధలు నీకేం తెలుస్తాయి?"

"మా వంశమే అంత" అంది అత్త, జడ ముందుకు వేసుకుని.

కిటికీ దగ్గర పిల్ల నోరు మూసుకుని నవ్వాపుకుంది. అత్త సొంత జుట్టు పిడికెడు కూడా లేదు. ఆ జడంతా పోయినవారం తన తలమీద ఉన్నదే. నవ్వు ఆగాక ఇంకో సంగతి తట్టింది. ఏడిస్తే తడిసేది, లాగితే రాదా?

మధ్యాహ్నం అత్త వడ్రంగిని పిలుచుకురావడానికి వెళ్లింది. పిల్ల భుజాలు దాటిన జుట్టును గుప్పిట చుట్టుకుని, తలుపువైపు గట్టిగా లాగింది.

వడ్రంగితో తిరిగొస్తుంటే, వీధి చివర అత్త జడ భుజం మీంచి లేచి, కర్రలా ఇంటివైపు చాచుకుంది. అత్త దాని వెంట పరిగెత్తింది. వెనకాల చెక్కలు మోస్తూ వడ్రంగి వచ్చాడు. కుట్టుమిషను ఆవిడ, మరి నలుగురు ఆడవాళ్లు, ఎవరి జడ వాళ్లని లాక్కొస్తుంటే మెట్లన్నీ ఎక్కారు. అత్త జడ తాళానికి టపటపా కొట్టుకుంది.

మిగతా ఆడవాళ్లు సవరాలు ఊడదీసి చంకన పెట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు.

"అయ్యో పాపం" అంది కుట్టుమిషను ఆవిడ. "నీది సొంత జుట్టాయె. నువ్వేం ఊడదీస్తావు?"

అత్త చెయ్యి జడ మొదలుదాకా వెళ్లింది. అందరూ చూస్తున్నారు. చెయ్యి మెల్లగా బొడ్లోకి దిగింది. తాళం తీసింది.

పిల్ల బయటికొచ్చింది. "ఆ చెక్కలతో నాకో పీట చేసిపెట్టు మామా" అంది వడ్రంగితో. గోడ పట్టుకుంటూ మెట్లు దిగి, కుట్టుమిషను ఆవిడ వెంట వెళ్లిపోయింది. మళ్లీ ఆ మేడ ఎక్కలేదు.

పిల్ల ఏ వీధిలోకి తిరిగితే అత్త జడ అటే తిరుగుతుంది. ఎవరైనా అడిగితే, "గాలి" అంటుంది అత్త.