బుడగల మామ

సిలిండరు వాల్వు కొద్దిగా తిప్పి, బుస్సుమని వచ్చిన గాలికి ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని వాసన చూశాడు బుడగల మామ. ఏ వాసనా లేదు. మంచి గాలికి వాసన ఉండదు. నూనె వాసన తగిలినా, పొగ వాసన తగిలినా ఆ సిలిండరు పక్కకు పోవాల్సిందే. వాల్వు బిగించి, దాన్ని గోడవారగా నిలబెట్టి, తరవాతిదాన్ని మోకాళ్ల మధ్యకు లాక్కున్నాడు. గాలి నింపే గదిలో ఒక్క బల్బే వెలుగుతోంది. డైవింగ్ సూట్లు మేకులకు వేలాడుతున్నాయి, చేతులూ కాళ్లూ ఉండి తలలు లేని మనుషుల్లా. ఆ సూట్లన్నా ఆయనకు భయమే. గదిలోకి రాగానే ముందు వాటిని గోడవైపు తిప్పి గాని పని మొదలుపెట్టడు.

అసలు ఆయన దేనికి భయపడడో చెప్పడం తేలిక. నిచ్చెన తడిగా ఉంటే భయం, పొడిగా ఉంటే ఎవరో తుడవకుండా వదిలేశారని భయం. సముద్రం పొంగితే భయం, మరీ చదునుగా పడుకుంటే ఇంకా భయం. ఆయన పని కూడా దానికి తగ్గట్టే కుదిరింది. సముద్ర పార్కులో నీళ్లడుగుకు దిగేవాళ్ల బుడగలు పైన ఎక్కడెక్కడ లేస్తున్నాయో పడవ మీద కూర్చుని చూడాలి. ఒక్క బుడగల వరస దారి తప్పినా కేకవేయాలి. అందుకే ఆ పిలుపు. "పడవకు ఒక్క పిరికివాడుంటే చాలు, మిగతావాళ్లం నిశ్చింతగా కునుకు తియ్యొచ్చు" అంటాడు పడవ నడిపే సరంగు. అలా అంటూనే మామ లేనిరోజు పడవ తియ్యడు.

పిరికితనం ఆయనకు పుట్టుకతో రాలేదు. వయసులో ఉన్నప్పుడు అన్నతో కలిసి గవ్వలకోసం మునిగేవాడు. పడవ మీద గాలి మిషను, నోట్లో పొడుగాటి రబ్బరు గొట్టం, అంతే. నేర్పినవాళ్లు లేరు, వద్దన్నవాళ్లు లేరు. ఒకరోజు అడుగున ఉండగా తల మీదుగా ఒక సొరచేప వెళ్లింది. ఆగింది కూడా కాదు, ఓసారి అటు చూసి తన దారిన తాను పోయింది. అన్నదమ్ములిద్దరూ గొట్టాలు వదిలేసి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఒక్క ఉదుటున పైకి లేచారు. అంత లోతునుంచి ఒక్కసారిగా పైకొస్తే ఒంట్లో చేరిన గాలే ప్రాణం తీస్తుందని వాళ్లకు తెలియదు. మామకు ఎడమ చెవి పోయింది, ఎడమ కాలు అప్పటినుంచీ ఈడుస్తూనే ఉన్నాడు. అన్నకు మాత్రం ఏమీ కాలేదు. పడవెక్కి, నవ్వి, "బతికిపోయాం రా" అన్నాడు. మోచెయ్యి నొప్పిగా ఉందన్నాడు. కాస్త నడుం వాల్చాడు. ఒడ్డు వచ్చేసరికి లేడు.

అప్పటినుంచి మామకు ఒక అలవాటు పడింది. ఆయన దగ్గర మూరెడు నూలుతాడు ఉంటుంది. ఒక్కో మనిషి నీళ్లలోకి దిగగానే ఒక్కో ముడి వేస్తాడు. ఆ మనిషి పడవెక్కగానే విప్పుతాడు. మనుషుల్ని మూటగట్టి దింపుతున్నాడని సరంగు ఎగతాళి. కూతురు పార్కులో డైవింగ్ నేర్చుకుని పనిలో చేరాక ఆ అలవాటు ఇంకో ముడి బిగిసింది. అందరి ముళ్లూ పడవ మీద విప్పుతాడు గాని, కూతురి ముడి మాత్రం ఆమె ఒడ్డు మీద కాలు పెట్టాకే విప్పుతాడు. నీళ్లలోంచి బయటపడ్డవాళ్లందరూ బయటపడ్డట్టు కాదని ఆయనకు తెలుసు.

ఆవేళ కూతురు మొదటిసారి ఒక్కతే అతిథుల్ని కిందికి తీసుకెళుతోంది. ఇంతవరకూ పెద్ద గైడు వెనకాల తోకలా వెళ్లేది, ఆయన వేరే పడవకు మారాడు. గదిలోకి వచ్చి సూట్లన్నీ గోడవైపు తిరిగి ఉండటం చూసి నవ్వింది.

"నాన్నా, ఒక్క మాట. ఇవాళ గెస్టుల ముందు నోరు విప్పకు."

"నేనేం అన్నానే?"

"మొన్న ఆవిడ నీళ్లలోకి కాలు పెడుతుంటే, తిరిగొచ్చేటప్పుడు ఏ చెయ్యి నొప్పి పుడుతుందో చూసుకోమ్మా అన్నావు. ఆవిడ దిగనే లేదు."

"ఉన్నమాటేగా."

"ఉన్నమాటే. ఇవాళ మాత్రం వద్దు. నువ్వు భయపడితే వాళ్లు భయపడతారు. వాళ్లు భయపడితే కింద నేను చావాలి."

చావాలన్న మాట ఊరికే వాడేసింది. ఆయన మాత్రం గోడ పట్టుకున్నాడు. "సరేనే, ఒట్టు. పెదవి విప్పను" అన్నాడు. సిలిండరు భుజానికెత్తుకుని జెట్టీ మెట్లు దిగుతుంటే గుండె మీద బండ పెట్టినట్టయింది. ఆయనకు భయం ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. ఇవాళ కాస్త బరువుగా కూర్చుంది, అంతేననుకున్నాడు.

పార్కు లోపల లంగరు వెయ్యకూడదు, పగడపు దిబ్బలు విరుగుతాయి. పార్కువాళ్లు కట్టి ఉంచిన పసుపు డబ్బా నీళ్ల మీద తేలుతోంది. సరంగు పడవను దానికి కట్టాడు. కూతురు అతిథులందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"కింద మనం చుట్టాలం, వాళ్లింటికి వెళ్తున్నాం. దేన్నీ ముట్టుకోవద్దు, పగడాన్ని తన్నొద్దు, ఏదీ ఏరుకోవద్దు. సొరచేప కనిపిస్తే సంతోషించండి, వచ్చింది చూడ్డానికేగా. వెంటపడొద్దు, చెయ్యి చాచొద్దు. తిండి పెట్టడం అసలే కూడదు. ఒక మనిషి దగ్గర తిండి దొరికితే ఆ తరవాత ప్రతి మనిషి దగ్గరా వెతుక్కుంటుంది. అది దగ్గరికొస్తే నిటారుగా నిలబడి దాని కళ్లలోకి చూడండి. వీపు తిప్పొద్దు. పారిపోవద్దు. నీళ్లలో పారిపోవడమంటే పైకే కదా. దానికంటే సొరచేప నయం."

ఆ చివరి మాట మామది. చిన్నప్పుడు ఆమెకు అన్నం తినిపిస్తూ ఎన్నిసార్లు చెప్పాడో. ఇప్పుడది ఆమె నోట అంత తేలిగ్గా వస్తుంటే ఆయనకు గర్వంగానూ ఉంది, ఏడుపూ వస్తోంది.

అతిథుల్లో ఒకాయన దగ్గర పసిపిల్లంత కెమెరా ఉంది. ఆయన ఆమె మాటలు వినడంలేదు, అద్దం తుడుచుకుంటున్నాడు. అందరికీ సిలిండర్లు తగిలిస్తూ మామ ఆయన వెనక్కి వచ్చి పట్టీలు బిగించబోయాడు. అప్పుడు తగిలింది వాసన. చేప వాసన. బతికున్న చేపది కాదు, కోసిన చేపది.

ఈ పడవలో చేప వాసన ఉండదు. పార్కులో వల వెయ్యరు, గాలం వెయ్యరు. మామ చేతులు పట్టీ మీదే ఆగిపోయాయి. కెమెరాయన జాకెట్టు జేబు ఉబ్బెత్తుగా ఉంది. నోరు తెరిచాడు. ఎదురుగా కూతురు కనుబొమలు ఎగరేసి చూసింది. పొద్దున్న వేసిన ఒట్టు గొంతుకు అడ్డంపడింది.

ఆయన పొద్దున్నుంచీ తనను తాను తిట్టుకుంటూనే ఉన్నాడు, తాడు చూసి పామనుకునే రకం నేనని. ఎవరో భోజనం కట్టుకొచ్చి ఉంటారు. సూటు సరిగా కడగలేదేమో. పట్టీ బిగించాడు. చెవి చెడినా ముక్కు ఉందని ఊరంతా చెప్పుకునే మనిషి, ఆ ముక్కు చెప్పిన మాటను జీవితంలో మొదటిసారి నమ్మకూడదనుకున్నాడు.

ఒక్కొక్కరే వెనక్కి వాలి నీళ్లలో పడ్డారు. ఆయన ఒక్కొక్క ముడీ వేశాడు. అందరికంటే చివర కూతురు మాస్కు మీద చెయ్యి వేసుకుని, ఇంకో చేత్తో అంతా బాగుందని సైగ చేసి, దిగిపోయింది. ఆ ముడిని ఆయన మిగతావాటికంటే గట్టిగా బిగించాడు.

నీళ్లు ఆవేళ చదునుగా ఉన్నాయి. బుడగలు దిబ్బ అంచు వెంబడి బారులు తీరి లేచాయి. నింపాదిగా ఈదుతున్న మనుషుల బుడగలు అలాగే ఉంటాయి, మధ్యమధ్య ఊపిరికీ ఊపిరికీ ఎడం ఉంటుంది. ముందు వరస కూతురిది. అది మిగతావాటికంటే పల్చన. ఆమె గాలి పొదుపుగా వాడుతుంది, అది మాత్రం తల్లి పోలిక. మామ ఆ వరస మీంచి చూపు తిప్పలేదు.

కాసేపటికి ఊపిరుల మధ్య ఎడం తగ్గింది. బుడగలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ లేస్తున్నాయి. ఊపిరి వేగంగా పీలుస్తున్నారు, అందరూ ఒకేసారి. తరవాత బారు చెదిరింది. బుడగలన్నీ దిబ్బ గోడవైపు జరిగి, ఒక్కచోట ఉడుకుతున్న ఎసరులా మరగసాగాయి. ఆమె అందర్నీ గోడకు వీపులు ఆనించి నిలబెట్టిందని మామకు అర్థమైంది. ఎందుకు నిలబెట్టిందో కూడా అర్థమైంది. నీళ్లలో ఒక బూడిదరంగు నీడ వంపు తిరిగింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకొకటి.

"సరంగూ!" అంటూ పడవ అంచు మీద చరిచాడు. సరంగు కునుకులోంచి లేచి వచ్చి, నీళ్లలోకి తొంగిచూశాడు.

ఈ దిబ్బ దగ్గర సొరచేపలు కొత్త కాదు. రోజూ వస్తాయి, పాలవాడిలా ఓ చుట్టు చుట్టి పోతాయి. ఇవాళ పోవడం లేదు. కొరివితో తల గోక్కున్నాడు ఆ కెమెరాయన. కాదు, అతనొక్కడే కాదు. వాసన తగిలినవాడు ఇంకొకడున్నాడు. తెలిసీ పట్టీ బిగించాడు. 

అంతలో ఆ మరుగులోంచి ఒక వరస విడిపోయింది. పెద్ద పెద్ద బుడగలు, తెంపులేకుండా, క్షణక్షణానికి ఉబ్బుతూ. ఎవరో పైకి పారిపోతున్నారు. మామకు అన్న కాళ్లు కనిపించాయి, తన ముందు నీళ్లను తన్నుకుంటూ పోతున్న కాళ్లు.

"వద్దు. వద్దు నాయనా, వద్దు. ఆగు" అన్నాడు నీళ్లతో.

పల్చటి వరస ఒకటి ఆ ఉబ్బుడు వరస మీదికి దూసుకొచ్చింది. రెండూ కలిసిపోయాయి. కూతురు అతన్ని పట్టుకుంది. అతను పెనుగులాడుతున్నట్టు బుడగలు ముక్కలుముక్కలుగా పగులుతున్నాయి. ఆమె నోటి గొట్టం ఊడిపోతే? అతను ఆమెను కూడా పైకి లాక్కొస్తే? ఆమె వదలదని ఆయనకు తెలుసు. వదలకూడదని చెప్పి పెంచింది తనే. ఆ క్షణంలో ఆయన దాన్ని తలచుకుని ఏడ్చాడు.

బుడగలు నిదానించాయి. నీడలు ఒక్కసారిగా మలుపు తిరిగి లోతుకు దిగిపోయాయి. ఆ పైన అందరి బుడగలూ ఒక్క గుంపుగా, నత్తనడకన, పడవవైపు వచ్చి, పడవకు కాస్త కిందే ఆగిపోయాయి. అక్కడ ఆగాలి. ఒంట్లో చేరిన గాలి మెల్లగా పోయేదాకా ఆగి తీరాలి. నీళ్లలోంచి వాళ్ల తలలు కూడా కనిపిస్తున్నాయి. వచ్చెయ్ తల్లీ అంటోంది సగం ప్రాణం, ఆ నీడలు మళ్లీ రాకముందే వచ్చెయ్. రాకు, ఇంకాసేపు రాకు అంటోంది రెండో సగం. ఆ రెండు సగాల మధ్య ఆయన తాడును రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, తాడు మరీ గట్టిగా పట్టుకున్నానేమో అనుకున్నాడు.

ఒక్కొక్కరే నిచ్చెన ఎక్కారు. ఒక్కొక్క ముడీ విప్పాడు. కెమెరాయన వణుకుతూ ఒక మూల కూలబడ్డాడు. కెమెరా లేదు.

కూతురు అందరికంటే చివర ఎక్కింది. మాస్కు తీసి, తన చెయ్యి తనే వాసన చూసుకుని మొహం చిట్లించింది. "చేపముక్కల సంచి. జేబులో పెట్టుకుని దిగాడు. పైకి పోకుండా పట్టుకున్నప్పుడే లాగి లోతులోకి పారేశాను, అవి దాని వెనకే పోయాయి."

"ఫొటో దగ్గర్నుంచి వస్తుందనీ..." అన్నాడు కెమెరాయన.

"వచ్చిందిగా దగ్గరికి" అంది ఆమె. అంతకుమించి ఏమీ అనలేదు. అతని భుజాల మీద తువ్వాలు కప్పి, చేతులు మడిచి చూపించమంది, వేళ్లు కదపమంది. పార్కువాళ్లకు తను చెప్పక తప్పదని కూడా చెప్పింది.

పడవ కదిలాక తండ్రి పక్కన వచ్చి కూర్చుంది. ఆయన తాడులో మిగిలిన ఒక్క ముడినీ బొటనవేలితో రుద్దుతున్నాడు.

"ఆ వాసన నాకు పట్టీ బిగించేటప్పుడే తగిలిందే."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నువ్వేగా నోరు విప్పొద్దన్నావు."

ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. చల్లటి తడి తల ఆయన భుజానికి ఆనించింది. "నాదే తప్పు. ఇకనుంచీ నీకు భయమేస్తే గట్టిగా అరువు. పడవ మునిగేలా అరువు. సరేనా?"

"మోచెయ్యి నొప్పిగా ఉందా?"

"లేదు నాన్నా."

"మోకాలు?"

"లేదు."

"ఏదీ, వేళ్లు కదుపు."

కదిపింది. ఆయన ఆ వేళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. గుండె మీద బండ ఇంకా దిగలేదు. ఒడ్డు రాలేదు కదా, వచ్చాక దిగుతుందిలే అనుకున్నాడు. కేబిన్ గోడకు వీపు ఆనించాడు. ఎండ మొహం మీద పడుతోంది. కూతురు లేచి తాళ్లు చుడుతూ అటూ ఇటూ తిరుగుతుంటే, ఆమె నడకలో ఎక్కడైనా తొట్రుపాటు ఉందా అని ఆ కళ్లు ఆమె వెంటే తిరిగాయి. ఎక్కడా లేదు. బాగానే ఉంది పిల్ల.

జెట్టీ దగ్గరపడగానే ఆమె తాడు పట్టుకుని ఒక్క గెంతు గెంతి, ఒడ్డున ఉన్న స్తంభానికి చుట్టేసి, రోజూ అరిచినట్టే అరిచింది.

"నాన్నా, కాలు పెట్టేశాను. విప్పుకో!"

ఎడమ చెవివైపు నిలబడ్డానేమో అనుకుని కుడివైపుకు వచ్చి మళ్లీ అరిచింది. సరంగు ఇంజను ఆపాడు. ఆ నిశ్శబ్దంలో మూడోసారి పిలిచింది. అప్పటికి సరంగు మామ దగ్గరికి వెళ్లి, ఒంగి చూసి, తలపాగా తీసేశాడు.

ఆయన కళ్లు ఇంకా కూతురు తాళ్లు చుట్టిన చోటికేసే చూస్తున్నాయి. మొహంలో భయం లేదు. ఆ మొహాన్ని అలా చూడటం అలవాటులేక కూతురు గుర్తుపట్టలేనట్టు నిలబడిపోయింది. తరవాత పడవలోకి దిగి, ఆయన మోకాళ్ల దగ్గర కూలబడి, భోరుమంది.

సరంగు ఆయన పిడికిలి విడదీసి తాడు బయటికి తీశాడు. ముడి విప్పబోతుంటే కూతురు అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బాబాయ్. అది ఆయన విప్పాల్సింది."

అతిథులు దిగిపోయారు, మామను దింపారు. ఖాళీ పడవలో ఆయన కూర్చునే పలక మీద మూరెడు నూలుతాడు ఉండిపోయింది, మెలికలు తిరిగి, చెమటకు ఇంకా తడిగా, చివర ఒకే ఒక్క ముడితో.