చుక్క చెక్కిన తాళి

పొద్దుటినుంచి ఊదుగొట్టం ఊది ఊది పద్మనాభాచారి దవడలు లాగుతున్నాయి. సాయంత్రం మహిళా సంఘం కారు వచ్చేలోపల ఇంకా నాలుగు లాకెట్లు కావాలి. తెరచాప ఎత్తిన పడవ, కింద మూడు అలలు. అన్నిటిమీదా అదే బొమ్మ చెక్కాలి. కార్తీకంలో వచ్చిన గాలివానకు మొగుళ్లను పోగొట్టుకున్న జాలరి ఆడవాళ్ల సహాయం కోసం నెల్లూరు ఎగ్జిబిషన్‌లో అమ్ముతారట. పుణ్యకార్యమని ఆచారి సగం కూలికే ఒప్పుకున్నాడు. అందుకు లోలోపల కాస్త గర్వం కూడా ఉంది.

లాకెట్లకు కావలసిన బంగారాన్ని ఆ జాలర్ల పాళెం పెద్దలు పంపారు. ఎర్రగుడ్డ మూటలో తాళిబొట్లు. "మనస్ఫూర్తిగా ఇచ్చారండీ, నాకు కళ్లనీళ్లు తిరిగాయి" అంది మహిళా సంఘం అధ్యక్షురాలు ఆనందకుమారి. ఆమెకు నిజంగానే తిరిగాయి.

ఆచారివాళ్ల అల్లూరు కంసాలులకు ఒక పద్ధతి ఉంది. తీసేసిన తాళిని కరిగించేముందు, "వెయ్యమంటావా అమ్మా?" అని దాన్ని కట్టుకున్న మనిషినే అడగాలి. ఆమె తన నోటితో "వెయ్యి" అంటేనే అది మూసలో పడుతుంది. ఒకామె పెదవి విప్పేదాకా ఆచారి తండ్రి పొద్దంతా కుంపటి ముందు కాచుక్కూచున్నాడు. ధర్మానికిచ్చిన మూటకు అడగడమేమిటని ఆచారి ఈసారి అడగలేదు. రెండు మూడు కలిపి కరిగించేస్తున్నాడు.

పట్టకారుతో ఇంకొకటి తీశాడు. వెనకవైపు నాలుగు గీతల చుక్క. చెయ్యి ఆగిపోయింది.

అది తను చెక్కిందే. పాళెం జాలరి చిన్నపోలయ్య తన పెళ్లికి ముందు ఇసక కాళ్లతో వచ్చి ఈ గడప పక్కనే చతికిలబడ్డాడు. "ఎనకమాల ఒక చుక్క బెట్టు ఆచారీ. సముద్రంలో చుక్కను జూసుకోనే గదా ఇంటికొచ్చేది" అన్నాడు.

ఆచారి గడపవైపు చూశాడు. ఎవరూ లేరు. ఉప్పునీటి వాసన మాత్రం వస్తోంది. భయమేసింది.

కాసేపటికి మస్తానమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. చిన్నపోలయ్య పెళ్లాం. పాళెంనుంచి ఎండలో నడిచొచ్చింది. మెడ బోసిగా ఉంది.

"నాది ఏసేసినావా ఆచారయ్యా?"

"నువ్వే ఇచ్చినావంట గదమ్మా?"

"నేనియ్యలా. సముద్రం మీద బోయినోడికి ఏడాది ఎదురుజూడాల మా పాళెంలో. పడవ చెక్కన్నా కొట్టుకోని రాలా. ముండమోసినోళ్లకే సాయం బియ్యమంట. మెళ్లో తాళుంటే ఎట్టా ఇస్తారని పాళెంలో పెత్తనం జేసే పెద్దకాపు తెంచినాడు. బిడ్డలు తిన్నారు. నేనూ తిన్నా. ముద్ద దిగేటప్పుడల్లా ఆయన వాకిట్లో నిలబడి, నన్ను సంపేసినావా మస్తానా అంటుండాడు."

ఆచారి తాళి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది మెళ్లో చూస్తే బియ్యం ఆపేస్తారమ్మా."

"ఆపేస్తే ఆపనీ." బొటనవేలితో చుక్కను తడిమింది. తర్వాత చెక్కపలకమీద బారుగా ఉన్న లాకెట్లను చూసింది. "ఇయ్యెవురియ్యి?"

 ఏ పడవలో ఎవరి తాళి కలిసిందో ఆచారికి తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

బయట కారు ఆగింది. ఆనందకుమారి నవ్వుతూ లోపలికొచ్చి ఒక లాకెట్ ఎత్తి చూసింది. "అబ్బ, పడవ కదులుతున్నట్టే ఉంది ఆచారిగారూ!"

ఆచారి ఆమె చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకున్నాడు. పలకమీద కండువా కప్పాడు.

"ఇయ్యి ఇయ్యలేనమ్మా."

"అదేమిటి? వాళ్లకోసమే కదా?"

"వాళ్లను నేనడగలా. పాళెం బోయి ఒక్కొక్కరినీ అడగాల."

"కరిగించేశాక ఇంక అడిగేదేముంది?"

ఆమె కోపంగా అనలేదు. అర్థంకాక అడిగింది.  ఆచారి పలక ఒక కొస పట్టి ఎత్తాడు. మస్తానమ్మ రెండో కొస పట్టుకుంది.

"పద ఆచారయ్యా. పొద్దుండంగానే పోదాం."

వాకిలి దాటేటప్పుడు, గడప పక్కన ఎవరో కూర్చున్నట్టు ఆచారి కాస్త ఒదిగి నడిచాడు. అతని వెనకే మస్తానమ్మ కూడా ఒదిగి దాటింది.