వాయిదాకు బటన్ లేదు

హాల్లో నవ్వులు మొదలయ్యేదాకా దేవకుమారికి ఏ అనుమానమూ రాలేదు.

రాజమండ్రిలోని వాళ్ళ కన్సల్టెన్సీ బ్యాంకులకు కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టిస్తుంది. ఆ వేసవిలో ఉద్యోగంలో చేరిన పన్నెండు మందికి సిమ్యులేషన్‌తో శిక్షణ మొదలుపెట్టారు. కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి బ్యాంకు ఉంటుంది. ఆరు వారాల పని ఒక్క రోజులో నడుస్తుంది. బ్యాంకు మనుషులుగా ఆఫీసులో పాతవాళ్ళు నటిస్తారు. కొత్తవాళ్ళు వాళ్ళని ఒప్పించి, పాత పద్ధతి మాన్పించాలి. ఎంత తొందరగా మాన్పిస్తే అన్ని మార్కులు. ఏడేళ్ళ అనుభవం ఉందని దేవకుమారిని మార్కులు వేయడానికి కూర్చోబెట్టారు.

బ్యాంకు మేనేజరు వేషం ఆరోన్‌ది. మిమిక్రీ బాగా చేస్తాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుంటూ, గొంతు వణికిస్తూ, "ఒక్క రెండు నెలలు ఆగండి బాబూ, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు.

దేవకుమారి నవ్వలేదు. లేచి వెళ్ళి ఆరోన్ చేతిలోని కార్డు తీసుకుని చదివింది. 'పేరు బ్రహ్మయ్య. వయసు యాభై తొమ్మిది. మార్పంటే భయం. కంప్యూటర్ రాదు. గట్టిగా మాట్లాడితే లొంగుతాడు.'

వీరబ్రహ్మం గారు. పేరు సగం కోసి పెట్టారు, అంతే.

కిందటేడు మండపేటలో ఒక సహకార బ్యాంకు పని వీళ్ళకొచ్చింది. అక్కడి ఖాతాదారుల్లో సగం మంది రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళు. వాళ్ళ వారం కూలి శనివారం ఆ బ్యాంకులోనే అందుతుంది. కొత్త పద్ధతిలో వేలిముద్ర పడితేనే డబ్బు చేతికొస్తుంది. మేనేజరు వీరబ్రహ్మం మొదటి రోజే చెప్పాడు. "మోసీ మోసీ వాళ్ళ వేళ్ళు అరిగిపోయాయండి. మీ మిషన్ పట్టదు. రెండు నెలలు పాస్‌బుక్కు కూడా ఉంచండి." మాటగా చెబితే వినలేదని మూడు ఉత్తరాలు మెయిల్ చేశాడు. మూడూ దేవకుమారికే వచ్చాయి. పై అధికారి మణిశంకర్‌కి చూపిస్తే, తేదీ మారదన్నాడు. ఆమె ఊరుకుంది.

మొదలుపెట్టిన శనివారం రెండు వందల మంది వరసలో నిలబడితే, నలుగురిలో ముగ్గురికి ముద్ర పడలేదు. సాయంత్రానికి రాళ్ళు పడ్డాయి. అద్దాలు పగిలాయి. క్యాషియరు తలకి ఆరు కుట్లు. సిబ్బందిని సిద్ధం చేయలేదని బ్యాంకు వాళ్ళు వీరబ్రహ్మాన్ని సస్పెండ్ చేశారు. 'మేనేజరు సహకరించలేదు' అని కన్సల్టెన్సీ ఇచ్చిన రిపోర్టు కింద రెండు సంతకాల్లో ఒకటి దేవకుమారిది. ఆయన కళ్ళజోడు తుడుచుకునే తీరు కూడా టీ తాగుతూ మణిశంకర్‌కి నవ్వుతూ చెప్పింది తనే.

కోపం ముందు ఆరోన్ మీద వచ్చింది. తర్వాత మణిశంకర్ మీద. చివరికి తన మీదికే తిరిగి, చెవుల దాకా మండింది.

"తర్వాతి రౌండు మేనేజర్ని నేను" అంది.

ఎదురుగా కూర్చున్న జట్టుకి నాయకురాలు మంజుష. భీమవరం నుంచి వచ్చిన, చురుకైన అమ్మాయి. "సార్, మా పరీక్షలో నూటికి తొంభై ఆరు వేలిముద్రలు పడ్డాయండి" అంది ధీమాగా, ఎదురుగా ఉన్నది మేనేజరే అన్నట్టు.

"ఎవరి వేళ్ళవి?"

మంజుష తెర మీద వెతికింది. "మన ఆఫీసు స్టాఫ్‌వండి."

"మీ ఆఫీసులో బస్తాలు మోసేవాళ్ళెంతమంది ఉన్నారమ్మా?"

ఎవరూ నవ్వలేదు. దేవకుమారి కళ్ళజోడు తుడవలేదు, దణ్ణం పెట్టలేదు. ఆ ఉత్తరాల్లో ఉన్నదే, ఒక్కో మాటా గుర్తు తెచ్చుకుని చెప్పింది. శనివారం కూలి అందకపోతే ఆదివారం ఆ ఇళ్ళలో పొయ్యి వెలగదంది. రేపు రాళ్ళు పడేది కౌంటర్లో కూర్చున్నవాళ్ళ మీద అంది. మంజుష పక్కవాళ్ళతో గుసగుసగా మాట్లాడింది. మౌస్‌తో చాలాసేపు తెర అంతా గాలించింది. చివరికి ఆట పక్కన పెట్టింది.

"మేడమ్, ఈయన చెప్పేది నిజమే కదండీ. వాయిదా వేద్దామంటే బటన్ లేదు. ఒప్పించు, పైవాళ్ళకి చెప్పు, మేనేజర్ని మార్చు. ఈ మూడే ఉన్నాయి."

వెనక నిలబడి చూస్తున్న మణిశంకర్ లైట్లు వేయించాడు. "టీ బ్రేక్" అని, దేవకుమారిని పక్క గదిలోకి పిలిచాడు.

"ఏంటండీ ఇది? వాళ్ళకి పని నేర్పమంటే భయం నేర్పుతున్నారు."

"ఆయన్ని వీధిన పడేశాం. చాలక ఇక్కడ జోకర్ని చేశాం."

"పేరు మార్చాం కదా! ఇది ట్రైనింగ్ అమ్మా, నాటకం."

"నాటకమైతే ఆయన మాట వినే దారి ఒక్కటైనా పెట్టండి! నిజంగా ఎలాగూ వినలేదుగా!" ఆమె గొంతు హాల్లోకి వినబడింది. "ఆయన చెప్పిందే జరిగింది సార్. అక్షరం పొల్లుపోకుండా జరిగింది. అది తెలిసి కూడా ఆయన నోరు మూయించేవాళ్ళకి మార్కులు వేయమంటున్నారు నన్ను!"

"రిపోర్టులో మీ సంతకం కూడా ఉంది. మర్చిపోకండి."

"మర్చిపోతే ఇంత మంట ఉండేది కాదు."

మార్కుల కాగితాలు బల్ల మీద పడేసి బయటికొచ్చి, స్కూటీ మీద మండపేట వెళ్ళింది. దారంతా ధాన్యం లారీల దుమ్ము. వీరబ్రహ్మం గేటు దగ్గరే నిలబెట్టాడు. లోపలికి రమ్మనలేదు.

"మీరు చెప్పిందే నిజమని చెప్పడానికొచ్చాను. క్షమించమని అడగడానికి కాదండి" అంది.

"అడిగినా లేదు నా దగ్గర. ఎనిమిది నెలలైంది. బజారుకెళ్తే, మా కూలి ఆపింది నువ్వేనంటారు." ఆయన గొంతు వణకలేదు. "బ్యాంకు మెయిల్ నాకిప్పుడు తెరుచుకోదు. నా ఉత్తరాలు అసలు అందనే లేదని మీ కంపెనీ ఎంక్వైరీకి రాసిచ్చింది. తెలుసా?"

ఆమెకి తెలియదు. ఫోన్ తీసి మూడు మెయిళ్ళూ చూపించింది. తేదీలున్నాయి. 'అందినవి, పరిశీలిస్తాం' అని తను ఇచ్చిన జవాబూ ఉంది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు. చెయ్యి గేటు ఊచని బిగించి పట్టుకుంది.

"ఇన్నాళ్ళూ ఇది మీ జేబులో ఉందా?"

"ఉందండి."

"ఎంక్వైరీ పదిహేడో తారీకు. కాకినాడలో. వస్తారా, ఇది కూడా ఉత్తుత్తిదేనా?"

"వస్తానండి."

ఆయన గేటు వేసుకున్నాడు.

ఆ రాత్రే రాజీనామా పంపింది. కంపెనీ కాగితాలు బయటపెడితే కేసు వేస్తామని రెండు రోజులకి నోటీసు వచ్చింది. చదివి, దాన్ని కూడా ఫైల్లో పెట్టుకుంది.

పదిహేడున ఎంక్వైరీ అధికారి ముందు మొదట ఆ రిపోర్టు తప్పని, కింద ఉన్న సంతకం తనదేనని చెప్పింది. ఉత్తరాలు అందలేదన్న మాట అబద్ధమంది. కంపెనీ వకీలు రెండుసార్లు ఆపబోయాడు. ఆమె ఆగలేదు. గొడవ జరక్కుండా ఆపగలిగిన రోజున తను మాట్లాడలేదని, అది రాసుకోమని అడిగి మరీ రాయించింది.

నెలన్నరకి వీరబ్రహ్మం సస్పెన్షన్ ఎత్తేశారు. అప్పటికి ఆయన రిటైర్మెంటుకి ఇరవై రెండు రోజులే ఉన్నాయి. ఆ కబురు బ్యాంకు గుమస్తా చెబితే దేవకుమారికి తెలిసింది. ఆయన ఫోన్ చేయలేదు. చేస్తాడని ఆమె అనుకోనూ లేదు. ఎంక్వైరీ నాడు వరండాలో ఒకే బెంచీ మీద ఇద్దరూ రెండు గంటలు కూర్చున్నారు. మంచినీళ్ళ సీసా ఆయన ఆమె వైపు జరిపాడు. ముఖం మాత్రం తిప్పలేదు.