మంగు చేతి ముద్ద

నలభై ఒకటో రోజు ఉదయం సూర్యుడికి అర్ఘ్యం వదులుతుండగా, నా రెండు చెంపల మీది మంగు నీళ్లతోపాటు జారి డాబా గచ్చు మీద పడుతుంది. కాసేపు అక్కడే ఆగి, తడి విదిలించుకుని, మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోతుంది. మంత్రం మధ్యలో ఆపకూడదు కాబట్టి నేను ఆపను. మిగిలిన నీళ్లు వదిలి, మూడుసార్లు ఆత్మప్రదక్షిణ చేసి, చెంబు బోర్లించి కిందికి వస్తాను.

అద్దంలో నా మొహం తోమిన పళ్లెంలా ఉంది.

ఆ మంగు నాకు రెండో కాన్పులో వచ్చింది. మొదట ముక్కు పక్కన చింతగింజంత. డాబా మీద అప్పడాలు ఎండబెట్టి అమ్మడం మొదలుపెట్టాక బుగ్గలంతా పాకింది. పాలలో జాజికాయ అరగదీసి రాశాను. నిమ్మచెక్క రాస్తే మండింది. మందుల షాపతను ఇచ్చిన ఆయింట్‌మెంటు రెండు నెలలు పూస్తే మొహం వెన్నలా తెల్లబడి, మానేసిన వారానికి రెట్టింపు నల్లబడింది. చివరికి సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాను. నలభై ఒక్క రోజులు మొహాన ఎండ తగిలేలా నిలబడి అర్ఘ్యం ఇస్తాను, ఈ మంగు తీసెయ్యి స్వామీ, అని.

స్వామి తీసేశాడు. ఇబ్బంది అత్తయ్యతో వస్తుంది.

మా అత్తయ్య అచ్చాయమ్మగారు రెండేళ్లుగా మంచం మీదే ఉంది. కళ్లకు మసక తప్ప ఏమీ కనిపించదు. నా పేరు తప్ప మిగతా మనుషుల పేర్లు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. రోజూ నేను పెరుగన్నం గిన్నెతో మంచం మీదికి వంగితే, నా మొహం మీది నల్లటి మరకలు చూసి నోరు తెరుస్తుంది. ఈ రోజు తెరవదు.

"ఎవరమ్మా నువ్వు?"

"నేనే అత్తయ్యా, అమ్మాజీని."

"కాదు. మా అమ్మాజీ బుగ్గలు మాడిపోయిన అట్టులా ఉంటాయి. నీవి నున్నగా ఉన్నాయి."

"నయమైపోయింది అత్తయ్యా."

"మాడిన అట్టు నయమవుద్దా? వెళ్లి మా కోడల్ని పిలు. పరాయి చేతి ముద్ద నేను మింగను."

ఈ మంగు మీద పదమూడేళ్లు మాటలన్న మనిషి ఆవిడే. ఆ మొహం వేసుకుని పేరంటానికి రాకు, దీపం ఆరిపోయిందనుకుంటారు, అనేది. ఇప్పుడు ఆ మొహమే కావాలంటుంది.

రెండో రోజు మా ఆయన పేర్రాజుగారు ఒక ఉపాయం చెబుతారు. ఆయనే వేలితో నా బుగ్గలకు కాటుక పూస్తారు. అత్తయ్య నా వైపు తిరిగి గాలి పీలుస్తుంది.

"ఆముదం కాటుక. మా కోడలి మచ్చలకి వాసనుండదు," అని గోడవైపు తిరుగుతుంది.

మూడో రోజుకు ఆవిడ గాజులు మోచేయి దాటి భుజానికి ఎక్కుతాయి. మంచం మీద దుప్పటి దాదాపు చదునుగా ఉంది. ఈ పూటైనా తినకపోతే రేపటికి దుప్పటి కింద మంచమే మిగులుతుంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ అనరు. నేను మంగును వెతకడానికి బయలుదేరతాను.

గేటు దగ్గర పక్కింటి కాంతం ఆకుకూర ఏరుతూ ఉంది.

"మీ మంగు చర్మాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిందక్కా," అంటుంది. "దారడిగితే నేనే చెప్పాను. మా గొడుగు కూడా ఇచ్చాను. పాపం, ఎండ పడదంట దానికి."

"నాకు చెప్పొద్దూ మరి?"

"నువ్వు పంపించావనుకున్నాను. పదమూడేళ్ల నుంచీ పొమ్మనే అంటున్నావు కదా."

ఆసుపత్రి స్టేషను రోడ్డులో, చెప్పుల దుకాణం మీద ఉంది. నాకు ముప్పై ఆరో టోకెన్ ఇస్తారు. నడవా టోకెన్ను బట్టి పొడుగవుతుంది. అయిదో నంబరువాళ్లు అయిదడుగుల్లో చేరుకుంటారు. నేను సామర్లకోట నుంచి పెద్దాపురం దాకా నడిచినంత నడుస్తాను. పక్కన గోడ మీద క్రీముల బొమ్మలు నాతోపాటే నడుస్తూ, ఎండ తగ్గించుకోమని మర్యాదగా చెబుతాయి.

గదిలో మచ్చలు కుర్చీల్లో కూర్చున్నాయి. వాటి మనుషులు వెనకాల నిలబడి ఉన్నారు. ఒక మొటిమ మచ్చ పత్రిక తిరగేస్తోంది. ఒక పుట్టుమచ్చకు ఫోను వస్తే బయటికి వెళ్లి మాట్లాడుతుంది. నా మంగు కిటికీకి దూరంగా, గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి పైట సర్దుకుంటుంది. అప్పుడు గమనిస్తాను, అది నా పాత నేత చీర కట్టుకుంది.

"ఇంటికి రా," అంటాను.

"నాకు అపాయింటుమెంటు ఉంది."

"దేనికి?"

"నాకు అడుగున ఒక మొహం ఉంది. పదమూడేళ్లుగా పోవడం లేదు. దాన్ని తీయించుకుందామని వచ్చాను."

ఇంతలో మా ఇద్దరినీ కలిపి పిలుస్తారు.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. మంగును కుర్చీలో కూర్చోబెట్టి, భూతద్దంతో నన్ను చూస్తుంది.

"ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా ఈ మొహం?"

"నాకు తెలిసినప్పటి నుంచీ ఉందండి," అంటుంది మంగు.

"ఎండలో తిరుగుతుందా?"

"తిరగడమేమిటండీ. నలభై ఒక్క రోజులు ఎండకెదురుగా నిలబెట్టింది నన్ను."

డాక్టరమ్మ నా వైపు తిరుగుతుంది. "ఎందుకు నిలబడ్డారు?"

"మంగు పోవాలని మొక్కుకున్నానండి."

"ఎవరికి?"

"సూర్యుడికండి."

ఆవిడ కలం కింద పెడుతుంది. "మంగు కొందరికి కాన్పుతో వస్తుంది, కొందరికి వంశంలో ఉంటుంది. పొయ్యి సెగ పెంచుతుంది. మందుల షాపులో ఇచ్చే ఆయింట్‌మెంట్లు అసలు రాయకూడదు. కానీ అన్నిటికంటే పెంచేది ఎండే. ఎండ పెంచినదాన్ని తీసెయ్యమని ఎండనే అడిగారన్నమాట."

"తప్పా అండీ? ఇచ్చినవాడే తియ్యగలడనుకున్నాను."

"తీశాడు కదా."

"తీశాడండి. కానీ తీసేవాడు మొదట ఎందుకిచ్చాడో, మళ్లీ అడిగితే ఇస్తాడో ఇవ్వడో నాకు అర్థం కావడం లేదు. అంత భక్తిగా నిలబడ్డాను. అది భక్తో, ఎండదెబ్బో కూడా ఇప్పుడు తెలియడం లేదు."

"అది నేను చదువుకోలేదమ్మా. నేను పై పొర వరకే," అంటుంది డాక్టరమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టుగా.

నేను మంగు పక్కన మోకాళ్ల మీద కూర్చుంటాను.

"అత్తయ్య మూడు రోజుల నుంచి తినలేదు."

"ఆవిడేగా నన్ను అట్టు అన్నది. బొగ్గు అన్నది. పెళ్లిళ్లలో నిన్ను అందరి వెనకాల నిలబెట్టి, నీ పైటతో నన్ను కప్పించింది."

"ఆవిడే."

"మరి నన్ను అడుగుతోందా?"

"నిన్నే అడుగుతోంది. నన్ను పొమ్మంటోంది."

మంగు గొడుగు పిడి మీద గోటితో గీస్తూ ఉంటుంది.

"వస్తాను. కానీ ఇది మాత్రం తీయించుకునే వస్తాను," అని నా మొహం వైపు చూపిస్తుంది. "మళ్లీ దాని మీద ఉండలేను. అది నన్నెప్పుడూ ఇష్టపడలేదు."

ఆ మాట నిజమే. డాక్టరమ్మ కాగితం ఇస్తుంది. దుప్పటి కింద మిగిలే మంచం గుర్తొచ్చి, రెండుసార్లు చదవకుండానే సంతకం పెడతాను.

ఏమీ నొప్పి ఉండదు. చల్లటి దూది, ఒక వెలుతురు, కాలిన వెంట్రుక వాసన. నా మొహం స్టీలు ట్రేలో పడుకుని సీలింగు ఫ్యాను చూస్తుంటుంది. మాట దాంతోపాటే ఉండిపోతుంది. చూపు మాత్రం నాతో వస్తుంది, అది లోపలి పొరట. వెళ్లేటప్పుడు మంగుకు గుడిలో పెరుమాళ్లకు పూసే గంధమంత మందంగా ఒక క్రీము రాసి, మూడు గంటలకోసారి మళ్లీ రాసుకోమంటారు. తిరుగు నడవా ఒక్క అడుగే ఉంటుంది.

ఇంటి గుమ్మంలో మా ఆయన నిలబడి మమ్మల్ని లెక్కపెడతారు.

"ఇద్దరూ వచ్చారా. కాళ్లు కడుక్కోండి. అమ్మకి గాజులు ఊడిపోయాయి," అంటారు.

పెరుగన్నం నేనే కలుపుతాను, ఉప్పు ఎంతో నా చేతికే తెలుసు. గిన్నె మాత్రం మంగు తీసుకుంటుంది. మంచం మీదికి వంగుతుంది. అత్తయ్య మసక కళ్లు దాని మీద కదిలి, ఆగుతాయి.

"వచ్చావుటే. ఎక్కడ తిరిగొచ్చావు ఇన్నాళ్లూ?"

"పనుండి వెళ్లాను అత్తయ్యా."

"చెప్పి వెళ్లాలని తెలీదూ? ఇంట్లో ఎవత్తో జొరబడి నాకు అన్నం పెట్టబోయింది," అని నోరు తెరుస్తుంది.

మొదటి ముద్ద మింగుతుంది. రెండోది. మూడో ముద్దకు దుప్పటి కింద మోకాళ్లు లేస్తాయి. అయిదో ముద్దకు భుజాలు. నేను గోడకు ఆనుకుని నిలబడి చూస్తాను. ఏడవాలనుంది. ఏడవడానికి కావలసినవి ట్రేలో ఉన్నాయి.

"ఆ గోడ దగ్గరున్నదెవరే?" అంటుంది అత్తయ్య.

"ఎవరూ కాదు అత్తయ్యా."

"ఎవరూ కాకపోతే మరీ ఆకలేస్తుంది. దానికీ ఓ ముద్ద పెట్టు."

మంగు ముద్ద చేసి, గిన్నె మంచం మీద పెట్టి, నా దగ్గరికి వస్తుంది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు వెతికి, మొహం ఉండాల్సిన చోట మెత్తగా అదుముతుంది. మెతుకులు చెదిరి అంతటా అంటుకుంటాయి. అంటుకున్న ప్రతి చోటా ఒక నోరు తెరుచుకుంటుంది, నువ్వుగింజంత, ఇంకా పళ్లు రానిది. లెక్కకు అందనన్ని నోళ్లు ఒక్కసారిగా నమలడం మొదలుపెడతాయి. అత్తయ్య ఆ చప్పుడు విని, చేత్తో తడుముకుంటూ, తన గిన్నె నా వైపు జరుపుతుంది.