నూట మూడు మెట్లు

కరీబియన్ దీవి సెయింట్ థామస్‌లో విహార ఓడ దిగిన రోజు మా అత్తగారి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

నా భార్య రాగిణికి ఐదో నెల. అంతకు రెండేళ్ల ముందు, 2007లో, ఆరో నెలకే ఒక పాప పుట్టి గంటసేపు బతికి పోయింది. ఈసారి డాక్టర్ సరేనన్నాకే అమెరికాలో మేముండే మోరిస్‌విల్ నుంచి బయల్దేరాం. ఆ ఉదయం రాగిణి టిఫిన్ ముట్టకుండా, "నిన్నట్నించి కదలట్లేదు మోహన్," అంది. బిడ్డ గుండె కొట్టుకుంటోందని, కాస్త గాలికి తిరిగి రమ్మని ఓడ డాక్టర్ చెప్పాడు. తను నమ్మలేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

ఊళ్లో కొండ మీదికి పాత ఇటుక మెట్లున్నాయి. పేరుకి తొంభై తొమ్మిది, లెక్కపెడితే నూట మూడు. అత్తగారు నాగమల్లేశ్వరి గారు కూతుర్ని కింద బెంచీ మీద కూర్చోబెట్టి, సంచీలోంచి కుంకుమ పొట్లం తీశారు.

"తిరుమల మెట్లకి బొట్లు పెడతానని మొక్కుకున్నానండీ అల్లుడు గారూ. అక్కడికెళ్లేదాకా నా మనసు ఆగేట్టు లేదు. ఇవీ మెట్లేగా."

"ఇది పబ్లిక్ ప్లేస్ అత్తయ్య గారూ! ఫైన్ వేస్తారు."

"దిగేటప్పుడు తుడిచేద్దాం లెండి."

మెట్టుకో తడి బొట్టు పెడుతూ వంగి వంగి ఎక్కారు. వెనకాల నేను, దొంగలా దిక్కులు చూస్తూ. మిట్టమధ్యాహ్నమైంది. టూరిస్టులంతా భోజనాలకి వెళ్లిపోయారు. మేం పైకి చేరేసరికి మెట్ల మీద నరపురుగు లేదు.

తడి టిష్యూలతో తుడుస్తూ దిగడం మొదలుపెట్టాను. సగం దిగాక ఒక బొట్టు చెదిరి కనిపించింది. దాని కింది మెట్టు మీద ఎర్రగా చిన్న పాదం. ఆ కింద ఇంకొకటి. కుడి, ఎడమ, కుడి. అన్నీ కిందికే.

"ఎవరి పిల్లో తొక్కినట్టుంది," అన్నారు అత్తగారు. ఎవరి పిల్ల? మమ్మల్ని దాటి ఎవరూ పైకి రాలేదు, కిందికి పోలేదు.

ఎడమ పాదంలో రెండో వేలూ మూడో వేలూ అతుక్కుని ఉన్నాయి.

పాప పుట్టిన రోజు రాగిణి ఆపరేషన్ మత్తులో ఉంది. పాపని ఆ గంటసేపూ ఎత్తుకున్నది నేనొక్కడినే. ఇలాగే అతుక్కున్న ఆ వేళ్లు చూసి తువ్వాలు కప్పేశాను. ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు.

"తొందరగా తుడవండి బాబూ," అన్నారు అత్తగారు.

తుడిచాను. భయమేసింది, అడుగులు రాగిణి వైపే వెళ్తున్నాయి. కడుపులో బిడ్డని కూడా తీసుకుపోవడానికి వచ్చిందా? మెట్లు రెండేసి దిగాను. ఆఖరి మెట్టు మీద రెండు పాదాలూ పక్కపక్కనే ఉన్నాయి, బెంచీకి ఎదురుగా. అక్కణ్నించి ఎటూ పోలేదు.

రాగిణి పొట్ట మీద చెయ్యేసుకుని ఏడుస్తోంది, నవ్వుతోంది. "మోహన్, ఇప్పుడే! గట్టిగా తన్నింది!"

అత్తగారు మిగతా మెట్లు తుడుచుకుంటూ దిగి, నాకు ఇంకో టిష్యూ తీసిచ్చి, కళ్లతోనే ఆఖరి మెట్టు చూపించారు.

"అది ఉండనివ్వండి అత్తయ్య గారూ," అన్నాను.

ఓడ దాకా రాగిణి పక్కనే నడిచాను. మా ఇద్దరి మధ్యా కాస్త చోటు వదిలి, చిన్నపిల్ల అందుకోగలిగేంత నెమ్మదిగా.