హిట్లు ఆగిన రోజు

మిల్వాకీలో బేస్‌బాల్ ఆటగాడు వాల్ట్ కోజ్లిక్ పేరెత్తితే, రెండుసార్లు బ్యాటింగ్ కిరీటం గెలిచాడనో, బంతిని బాది అవుట్ కాకుండా బేస్ చేరే హిట్లు మూడువేలకు కాస్త తక్కువలో ఉండగా ఆట మానేశాడనో చెప్పరు. ముందు ఆ వేసవి సంగతే ఎత్తుకుంటారు. భార్యను పాతిపెట్టిన మర్నాడే మైదానంలోకి దిగి, నెలకు పైగా ఒక్క ఆట కూడా వట్టిపోనివ్వకుండా హిట్ కొట్టాడని. "గుండె దిటవంటే అదీ" అంటారు.

లొరెటా జూన్‌లో పోయింది. పెరట్లో దుప్పట్లు ఆరేస్తూ తల పట్టుకుని కూలబడింది. వాల్ట్ అప్పుడు జట్టుతో సిన్సినాటిలో ఉన్నాడు. హోటల్ గుమస్తా ఫోన్ అందిస్తే విన్నాడు, "సరే" అన్నాడు, ఫోన్ పెట్టేసి సగంలో వదిలిన బూటు లేసు కట్టుకున్నాడు. చర్చిలో వచ్చినవాళ్లందరి చేతులూ పట్టుకుని పలకరించాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు తెచ్చిన సాసేజ్‌లు, క్యాబేజీ కూర వంటింటి బల్ల మీద చల్లారిపోయాయి. పద్నాలుగేళ్ల కూతురు జూడీ వాళ్ల పెద్దమ్మ డొలరెస్ ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చింది. అతనికి ఏడుపు రాలేదు. ఎవరో చెప్పిన వేరే ఇంటి కబురులా ఉంది.

మర్నాడు పొద్దున్నే స్టేడియంకు వెళ్లాడు. మేనేజర్ గారిటీ అతన్ని చూసి నోట్లోంచి చుట్ట తీశాడు.

"నిన్నెవరు రమ్మన్నారయ్యా? నాలుగు రోజులు ఇంటిపట్టున ఉండరాదూ?"

"ఇంట్లో ఏం చెయ్యను?"

గారిటీ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని జట్టులో పేరు వేశాడు.

ఆ రోజు వాల్ట్ రెండు హిట్లు కొట్టాడు. తర్వాతి రోజు ఒకటి. ఆ పై రోజు మూడు. బంతి, దాన్ని విసిరే పిచర్ చేతిలోంచి బయటపడినప్పటినుంచీ నింపాదిగా, పుచ్చకాయంత కనబడేది. బ్యాట్ తగిలిన చప్పుడు దూరంగా ఎక్కడో వినబడేది, కాళ్లు వాటంతటవే మొదటి బేస్ వైపు పరుగెత్తేవి. కొట్టాలన్న ఆశ లేదు, తప్పుతుందేమోనన్న బెదురు లేదు. ఒకసారి షికాగో పిచర్ కావాలనే తలకేసి విసిరితే కదలకుండా నిలబడ్డాడు. బంతి టోపీ అంచు రాసుకుంటూ పోయింది.

రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య కాపుకాసే షార్ట్‌స్టాప్ నాండో ప్యూర్టోరికో వాడు, ఎనిమిదేళ్లుగా పై ఊళ్లలో వాల్ట్‌తో ఒకే హోటల్ గదిలో ఉండే స్నేహితుడు. ఆటయ్యాక పక్కన కూర్చుని అన్నాడు: "ఏరా, చావాలని ఉందా నీకు?"

"లేదు."

"మరి ఆ బంతికి తప్పుకోలేదేం?"

"తోచలేదు."

"కాస్త ఏడవరా బాబూ. కావాలంటే నేను తలుపేసి బయట కూర్చుంటా, ఎవర్నీ రానివ్వను."

వాల్ట్ తల ఊపి స్నానానికి వెళ్లిపోయాడు.

వరసగా ప్రతి ఆటలోనూ హిట్ కొట్టడంలో జట్టు పాత రికార్డు జులైలో దాటాడు. అప్పటికే పత్రికలవాళ్లు కథ అల్లేశారు: ప్రతి హిట్టూ స్వర్గంలో ఉన్న భార్యకు కానుకట. అతనలా ఎన్నడూ అనలేదు, కాదనీ అనలేదు. అతను హిట్ కొట్టగానే రేడియోలో "ఇది లొరెటా కోసం" అని వ్యాఖ్యాత ప్రకటించేవాడు. జనం లేచి నిలబడేవారు.

ఆగస్టు మొదట్లో ఒకరోజు పొద్దున వాల్ట్ వంటింట్లో నిలబడి కాఫీ తాగుతున్నాడు. డొలరెస్ బజారుకెళ్లింది. జూడీ రొట్టెకు వెన్న రాస్తూ, తలెత్తకుండా అడిగింది.

"నాన్నా, అమ్మ పోయాక నువ్వొక్కసారైనా ఏడ్చావా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

"రావట్లేదే. ఏం చెయ్యమంటావు?"

"అందరూ నిన్ను ధైర్యవంతుడంటున్నారు."

"వాళ్లకేం తెలుసు?"

జూడీ కత్తి పక్కన పెట్టింది. "నువ్వు కొట్టినప్పుడల్లా వీధిలో ప్రతి ఇంటి రేడియోలోనూ అమ్మ పేరే. కిటికీలు మూసుకున్నా వినబడుతోంది. అమ్మ రోజూ మళ్లీ పోతున్నట్టుంది నాకు. ఎప్పుడు ఆపుతావు నాన్నా?"

వాల్ట్ కప్పు కడిగి బోర్లించాడు. "ఆటకు టైమవుతోంది" అని బయలుదేరాడు.

స్టేడియంలో గారిటీ దగ్గరికి వెళ్లి, ఈవేళ ఆడకుండా కూర్చుంటానన్నాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఇది ఆగాలి."

గారిటీ తల అడ్డంగా ఊపాడు. "కూర్చుంటే ఆగదు వాల్ట్. ఆడని ఆట లెక్కలోకి రాదు. రేపు మళ్లీ అదే పాట మొదలెడతారు. ఆపాలంటే ఆడి ఆపాలి."

వాల్ట్ బ్యాట్ పట్టుకుని వెళ్లాడు. తప్పాలి అనుకున్నాడు. నెలన్నరలో బ్యాట్ పట్టుకుని ఒక ఆలోచన చెయ్యడం అదే మొదలు. బంతి మామూలు బంతిలా, బుల్లిగా, బుర్రున వచ్చింది. ఊపాడు, తగల్లేదు. మళ్లీ, మళ్లీ. మూడు ఊపులూ గాలికి పోయి అవుటయ్యాడు. కావాలని తప్పాడో నిజంగానే తప్పిందో అతనికే తెలియలేదు. రెండోసారి నేలబారు బంతి, మూడోసారి గాల్లోకి లేచిన బంతి, రెండూ అవుట్లే.

నాలుగోసారి వెళ్లేటప్పటికి ఎందుకో కొట్టాలనిపించింది. కూతురు ఏమడిగిందో గుర్తుంది, అయినా కొట్టాలనే ఉంది. మొహం మీదికి వచ్చిన మొదటి బంతికి ఒళ్లు ఝల్లుమని వెనక్కి తగ్గాడు. రెండోదాన్ని బలంకొద్దీ కొట్టాడు. అది సూటిగా వెళ్లి ఎడమవైపు ఫీల్డర్ చేతిలో పడింది; ఆ ఆటలో ఒక్క హిట్టూ లేదు, వరస తెగింది.

స్టేడియమంతా లేచి చప్పట్లు కొట్టింది. వాల్ట్ వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు మండుతుంటే తిప్పి చూసుకున్నాడు. రెండు అరచేతులూ పొక్కులు చితికి పచ్చిగా ఉన్నాయి. ఎన్ని రోజులుగా అలా ఉన్నాయో. నాండో నీళ్లబకెట్ అతని ముందుకు జరిపాడు.

ఇంటికొచ్చేసరికి జూడీ మెట్ల మీద కూర్చుని ఉంది.

"కావాలని తప్పావా?"

"మొదట్లో అనుకున్నాను. చివర్లో కొడదామనే చూశాను. పడలేదు."

"కొట్టుంటే నాకు కోపమొచ్చేది."

"తెలుసు."

ఆమె పక్కకు జరిగితే కూర్చున్నాడు. కాసేపటికి లోపలికెళ్లి గుడ్లు వేయించాడు, మాడ్చాడు. ఇద్దరూ అవే తిన్నారు. ఆ రాత్రీ అతనికి ఏడుపు రాలేదు. తర్వాత ఎప్పుడైనా వచ్చిందా అంటే, అది జూడీకి కూడా తెలియదు.

మరో తొమ్మిదేళ్లు ఆడాడు. రెండో కిరీటం ఆ తర్వాతదే. ఆట మానేశాక స్టేడియంలో అతని చొక్కా నంబరు ఇంకెవరికీ ఇవ్వకుండా గోడకెక్కించారు. మైకులో ఆ వేసవిని పొగిడారు. వాల్ట్ "అందరికీ కృతజ్ఞతలు" అని చెప్పి కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారు జూడీ నడిపింది. వంతెన మరమ్మతులో ఉందని చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ ఆ వంతెన ఎప్పటికి పూర్తవుతుందా అనే మాట్లాడుకున్నారు.